మంగళవారం ముందు, లెక్క తర్వాత: నల్లగొండ ఉపాధ్యాయ దంపతుల కేస్ స్టడీ

పదవీ విరమణ దగ్గరపడిన ఉద్యోగులు, విరమణ డబ్బు లెక్కలు వేసి ఇచ్చే నా దగ్గరికి సాధారణంగా ఒకే రకమైన కాగితంతో వస్తారు. కమ్యుటేషన్ (పింఛనులో కొంత భాగం వదులుకుని, బదులుగా ఒకేసారి తీసుకునే మొత్తం) ఎంత, గ్రాట్యుటీ ఎంత, ప్రావిడెంట్ ఫండ్ ఎంత అని వరుసగా రాసి, కింద గీత గీసి, మొత్తం వేసి ఉంటుంది. ఆ మొత్తాన్ని ఎక్కడ పెడితే ఎక్కువ వడ్డీ వస్తుందన్నదే వారి ప్రశ్న. ఆ డబ్బుతో ఏ ఊళ్లో, ఎవరితో, ఏం చేస్తూ బతకాలనుకుంటున్నారో మాత్రం ఆ కాగితంలో ఉండదు. ఇక్కడ వివరిస్తున్న దంపతులు కూడా 2024 సంక్రాంతి తర్వాత అటువంటి కాగితంతోనే వచ్చారు. వారి అనుమతితో, గుర్తుపట్టడానికి వీలయ్యే వివరాలు మార్చి, ఈ కేసును మొదటినుంచి రాస్తున్నాను. ఇందులో నేను చేసిన ఒక పొరపాటు కూడా ఉంది.

ఆయన జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో స్కూల్ అసిస్టెంట్. 1991లో ఉద్యోగంలో చేరారు కనుక 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరినవారికి వర్తించే సీపీఎస్ (ఉద్యోగి వాటా కట్టే కొత్త పింఛను పథకం) పరిధిలోకి రారు; పాత పింఛనే వస్తుంది. తెలంగాణలో విరమణ వయసును 2021లో 61 ఏళ్లకు పెంచినందువల్ల ఆయన ఉద్యోగం 2024 డిసెంబరు 31తో ముగియాల్సి ఉంది. ఆయన భార్యకు అప్పటికి 57 ఏళ్లు. నల్లగొండలో సొంత ఇల్లు ఉంది. మునుగోడు వైపు, నల్లగొండకు ముప్పై కిలోమీటర్ల లోపు దూరంలో ఉన్న సొంతూళ్లో తండ్రి నుంచి వచ్చిన మూడెకరాల బత్తాయి తోట ఉంది. కొడుకు హైదరాబాదులో ప్రైవేటు ఉద్యోగి; కూతురు పెళ్లయి మిర్యాలగూడలో ఉంటున్నది. అప్పులు లేవు.

ఆయన తెచ్చిన కాగితంలోని లెక్క ఇది. మూల వేతనం సుమారు 90,000 రూపాయలు, 33 ఏళ్ల సర్వీసు నిండుతుంది కనుక మూల పింఛను అందులో సగం, అంటే 45,000. అందులో 40 శాతం కమ్యూట్ చేస్తే సుమారు 17.5 లక్షలు, గ్రాట్యుటీ గరిష్ఠ పరిమితి మేరకు 16 లక్షలు, ప్రావిడెంట్ ఫండ్ 12 లక్షలు, సెలవుల నగదు 6 లక్షలు, ప్రభుత్వ జీవిత బీమా 5 లక్షలు, గ్రూపు బీమా లక్ష, వెరసి 57.5 లక్షలు. (వేసవి సెలవులు ఉంటాయి కనుక ఉపాధ్యాయులకు సంపాదిత సెలవులు మిగతా శాఖలవారికంటే తక్కువే జమ అవుతాయి, ఇతర శాఖల మిత్రుల లెక్క చూసి ఈ పద్దులో ఎక్కువ ఆశించేవారిని చాలామందిని చూశాను.) ఖర్చు కూడా ఆయన అప్పటికే నిర్ణయించుకుని వచ్చారు. ఊళ్లో పాత ఇల్లు తీసి కొత్తది కట్టడానికి 30 లక్షలు, హైదరాబాదులో కొడుకు కొనబోయే ఫ్లాటుకు 20 లక్షలు. మిగిలిన 7.5 లక్షలు ఎక్కడ వేయాలో చెప్పడమే ఆయన దృష్టిలో నా పని.

"ఇంక ఊర్లనే ఉంటం సార్. తోట ఉన్నది, ఇల్లు కట్టుకుంటం. మా ఇంటామెకు గూడ ఊరంటెనే ఇష్టం," అన్నారు. ఆమె పక్కనే కూర్చుని ఉన్నారు. ఏమీ అనలేదు. ఆమె మౌనాన్ని నేను అంగీకారంగా తీసుకున్నాను. నా పొరపాటు అదే.

నేను కొంతకాలంగా ఒక పద్ధతి పాటిస్తున్నాను. లెక్క జోలికి పోకముందు ఒక నోటుపుస్తకం ఇచ్చి, విరమణ తర్వాత రెండో ఏడాదిలో వచ్చే ఒక మామూలు మంగళవారాన్ని, లేచిన దగ్గరనుంచి పడుకునే దాకా, గంట గంటకూ రాయమంటాను. మంగళవారమే ఎందుకంటే ఆ రోజు పండుగ కాదు, పెళ్లి కాదు, ఆదివారం కాదు, పిల్లలు ఇంటికి రారు. విరమణ తర్వాత ఏం చేస్తారని అడిగితే కాశీ, రామేశ్వరం, అమెరికా అని చెప్తారు. అవన్నీ కలిపినా ఏడాదికి ఇరవై రోజులు మించవు. డబ్బు ఖర్చయ్యేదీ, మనిషికి తోచీతోచక గడిచేదీ మిగిలిన మూడు వందల నలభై అయిదు రోజుల్లోనే. అయితే ఈ దంపతులకు నేను ఒకటే నోటుపుస్తకం ఇచ్చాను. అది సహజంగానే ఆయన చేతికి పోయింది.

పది రోజులకు ఆయన రెండు పేజీలు రాసి తెచ్చారు. చక్కటి దస్తూరి, చక్కటి తెలుగు. తెల్లవారుజామున అయిదింటికి లేవడం, తోటలో తిరిగి పాదులు చూసుకోవడం, వేపచెట్టు కింద కూర్చుని పేపరు చదవడం, పగటి భోజనం తర్వాత కునుకు, సాయంత్రం ఊరి పిల్లలకు లెక్కలు చెప్పడం, రాత్రి అరుగు మీద నలుగురితో ముచ్చట. ఇద్దరి ముందే పైకి చదివాను. చదువుతుంటే ఒక విషయం తట్టింది. ఆ రెండు పేజీల్లో ఆమె ప్రస్తావన నాలుగుసార్లు వచ్చింది: చాయ తెస్తుంది, జొన్నరొట్టె చేస్తుంది, అన్నం వడ్డిస్తుంది, మళ్లీ చాయ తెస్తుంది. నాలుగోసారి వచ్చేసరికి ఆమె నవ్వారు. ఆయన నవ్వలేదు, తాను రాసిందే కొత్తగా చూస్తున్నట్టు పుస్తకం నా చేతిలోంచి తీసుకుని మళ్లీ చదువుకున్నారు.

అప్పుడు ఆమె అన్న మాట ఇది: "నాకు ఊరు ఇష్టమే బిడ్డా. పండుగకు పోతె ఇష్టం. ఆడనే ఉంటె వచ్చినోళ్లందరికి చాయ వెట్టుడే నా పని అయితది."

ఆ రోజే ఆమెకు వేరే పుస్తకం ఇచ్చి, ఆయనకు చూపించకుండా నేరుగా నాకే ఇవ్వమన్నాను. ఆమె మూడు వాక్యాలే రాశారు. పొద్దున ఎవరికీ డబ్బా కట్టకుండా ఉండాలె. మా అక్క ఇంటికి నడిచి పోవాలె. మోకాళ్ల నొప్పి తగ్గాలె. ఆయన రెండు పేజీలకంటే ఈ మూడు వాక్యాల్లో నాకు ఎక్కువ లెక్క దొరికింది. ముప్పై మూడేళ్లుగా పొద్దున ఎనిమిదింటిలోపు అన్నం, కూర చేసి టిఫిన్ డబ్బా కట్టిన మనిషికి విరమణ అంటే వంటింటి నుంచి కూడా కొంత విరమణ కావాలి. అంటే వంటామె జీతం నెలవారీ ఖర్చులో ఉండాలి. అక్క ఇల్లు నల్లగొండలోనే, వీరి వీధికి రెండు వీధుల అవతల; అంటే నివాసం నల్లగొండే. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన ఆ ప్రాంతపు తరంలో కీళ్ల బాధలు కొత్త కాదు. కారణం ఏదైనా, మోకాలి వైద్యానికి వెంటనే తీసుకోగలిగిన డబ్బు ఒకచోట ఉండాలి, ఆస్పత్రి దగ్గరలో ఉండాలి. ఇంకొక మాట ఆమె రాయలేదు గానీ తర్వాత మాటల్లో చెప్పారు: కూతురి పిల్లల చేతిలో పది రూపాయలు పెట్టాలన్నా ఆయననే అడగాల్సి వస్తున్నది, అది తనకు ఇష్టం లేదు.

ఇద్దరి మంగళవారాలు ఒకే ఊళ్లో కుదరడం లేదని తేలింది. ఇటువంటి చోట నాబోటివారు చేసే తప్పేమిటంటే, మధ్యేమార్గంగా రెండు చోట్లా ఉండేటట్టు ఒక లెక్క వేసి ఇచ్చేయడం. రెండు ఇళ్లు, రెండు సిలిండర్లు, రెండు కరెంటు బిల్లులు, ఏ ఇంట్లోనూ నిలకడ లేకపోవడం. అందుకే లెక్క వేయలేదు. వేసవి సెలవుల్లో, అంటే ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా, ఊళ్లో ఆయన తమ్ముడి ఇంట్లో ఖాళీగా ఉన్న భాగంలో ఇద్దరూ ఉండి చూడమన్నాను. చుట్టపుచూపుగా ఉండకూడదు. వేరు పొయ్యి పెట్టుకోవాలి, వారానికి రెండుసార్లు ఇద్దరూ విడివిడిగా నోటుపుస్తకంలో రాయాలి, నల్లగొండకు మందులకూ బ్యాంకుకూ తప్ప రాకూడదు. ఆమె మొదట ఒప్పుకోలేదు. పొద్దుటి టిఫిన్ ఆయనే చేస్తారన్న షరతు మీద ఒప్పుకున్నారు. ఉప్మా తప్ప ఇంకేదీ చేయరాలేదని తర్వాత తెలిసింది.

ఆ నలభై తొమ్మిది రోజుల రాతలు ఈ కేసులో అన్నిటికంటే విలువైనవి. మొదటి రెండు వారాలు ఆయన పుస్తకం నిండా తోటే. మే నెలలో బత్తాయి చెట్టుకు నీటి ఎద్దడి తగలకూడదు. ఉన్న రెండు బోర్లలో ఒకటి ఎండిపోతే రెండో బోరు నీళ్లను వంతులవారీగా ఎట్లా పారించారో, ఏ చెట్టు ఆకు ముడుచుకుందో వివరంగా రాసుకున్నారు. మూడో వారం నుంచి రాత మారింది. పేపరు పదింటికి గానీ రావడం లేదు. తొమ్మిది దాటితే ఎండకు తోటలో నిలబడలేకపోతున్నారు. అరుగు మీద ముచ్చటకు కూర్చునే తన ఈడువాళ్లలో సగంమంది పిల్లల దగ్గరికి హైదరాబాదు పోయారు, ఉన్నవాళ్లకు వ్యవసాయం పనులు. లెక్కలు చెప్పించుకోవడానికి నలుగురు పిల్లలు వచ్చారు; ఇద్దరు వారం తర్వాత మానేశారు. మే 27 తేదీ కింద ఒకే వాక్యం ఉంది: "మాట్లాడే మనిషి లేడు."

ఆమె పుస్తకంలో అందుకు విరుద్ధంగా జరిగింది. మొదటి వారమంతా ఫిర్యాదులే. తర్వాత తోటికోడలుతో కలిసి పొద్దున తోటకు నడవడం మొదలుపెట్టారు. "చెట్ల కింద నడిస్తె మోకాలు ఏమనలేదు, బండల మీద నడిస్తెనే నొప్పి" అని రాశారు. ఊళ్లో ఉండటం ఇష్టం లేదన్న మాట మారలేదు. కానీ తోటకు రావడం ఇష్టమేనన్న మాట కొత్తగా వచ్చింది. ఇద్దరికీ కావలసింది తోట, పొద్దుటి పూట, వారంలో కొన్ని రోజులు. ఇద్దరికీ అక్కర్లేనిది ఊళ్లో ముప్పై లక్షల ఇల్లు. ఈ సంగతి నల్లగొండలో నా బల్ల ముందు కూర్చుని ఎన్ని గంటలు మాట్లాడినా తేలేది కాదు.

జూన్ చివర, పింఛను కాగితాలు పంపవలసిన సమయానికి, లెక్క దగ్గరికి వచ్చాం. మొదట తేల్చవలసింది కమ్యుటేషన్. మా ప్రాంతంలో 40 శాతం పూర్తిగా కమ్యూట్ చేయడం ఒక ఆనవాయితీ. అందరూ చేస్తున్నారు కనుక చేస్తారు. కమ్యూట్ చేయడమంటే నెలకు 18,000 రూపాయల పింఛనును పదిహేనేళ్లు వదులుకుని, బదులుగా ఇప్పుడు 17.5 లక్షలు తీసుకోవడం. పదిహేనేళ్లలో వదులుకునేది 32.4 లక్షలు. దీన్ని అప్పుగా భావించి చూస్తే వడ్డీ ఏటా 9 శాతానికి కొంచెం పైన పడుతుంది. అటువంటి డబ్బు తెచ్చి అప్పట్లో 8.2 శాతం ఇస్తున్న సీనియర్ సిటిజన్ పొదుపు పథకంలో వేస్తే, ఎక్కువ వడ్డీకి తెచ్చి తక్కువ వడ్డీకి ఇచ్చినట్టు అవుతుంది. కమ్యుటేషన్‌కు లాభాలు లేకపోలేదు: ప్రభుత్వ ఉద్యోగికి ఆ మొత్తంపై ఆదాయపు పన్ను లేదు, కరువు భత్యాన్ని, కోత పడకముందున్న పూర్తి మూల పింఛను మీదే లెక్కిస్తారు, పింఛనుదారు మధ్యలో మరణిస్తే ఆ కోత అక్కడితో ఆగిపోతుంది, కుటుంబ పింఛను మీద పడదు. కనుక పెద్ద మొత్తంతో నిజంగా పని ఉన్నవారు చేసుకోవచ్చు, పని లేనివారు చేయకూడదు. ఆ పని ఉందో లేదో చెప్పగలిగేది మంగళవారం పేజీయే. ఊళ్లో ఇల్లు కట్టే ఆలోచన పోయాక వీరికి అంత మొత్తంతో పని లేకుండా పోయింది. 40కి బదులు 20 శాతం చేద్దామన్నారు: చేతికి సుమారు 8.75 లక్షలు, నెలకు తగ్గేది 9,000.

దీంతో వచ్చే మొత్తం 48.75 లక్షలయింది. తోటలో ఒక గది, స్నానాల గది, మరుగుదొడ్డి, మిగిలిన బోరుకు పైపులైను కలిపి 7 లక్షలు. ఆయన పేర సీనియర్ సిటిజన్ పథకంలో 20 లక్షలు. మూడు నెలలకొకసారి 41,000 వడ్డీ. ఆమెకు 60 ఏళ్లు నిండలేదు కనుక అదే పథకం ఆమె పేర కుదరదు. అందువల్ల పోస్టాఫీసు నెలసరి ఆదాయ పథకంలో ఒక్కరి పేర అనుమతించే గరిష్ఠ మొత్తం 9 లక్షలు ఆమె ఒక్కరి పేరనే వేయించాం. 7.4 శాతం చొప్పున నెలకు 5,550 ఆమె ఖాతాలో పడుతుంది. భర్త ఇచ్చిన డబ్బు మీద వచ్చే వడ్డీని పన్ను లెక్కలో భర్త ఆదాయంలోనే కలుపుతారు. వీరి ఆదాయ స్థాయికి కొత్త విధానంలో పన్ను పడదు కనుక దాని గురించి ఆగలేదు. ఈ పద్దు గురించి ఆయన కొంత నొచ్చుకున్నారు. ఇంట్లో డబ్బంతా ఆమెదే కదా, వేరే ఖాతా ఎందుకన్నారు. అడగకుండా ఖర్చు పెట్టుకోగలిగినదే ఆమెది అవుతుందని నేనన్నాను. ఆ మాట ఆమె అనలేరు, డబ్బు తీసుకుని పనిచేసే బయటి మనిషి అనగలరు.

మోకాలికి, ఇతర అత్యవసరాలకు 4.75 లక్షలు బ్యాంకులో. మిగిలిన 8 లక్షలు కొడుక్కి.

కొడుకు విషయం ఇంత సులువుగా తేలలేదు. తల్లిదండ్రులు హైదరాబాదు వచ్చి తమతో ఉంటారని, మనవడిని చూసుకుంటారని, అందుకే మూడు పడకగదుల ఫ్లాటు చూశానని అతను ఫోనులో నాతో అన్నాడు. అది తప్పు ఊహ కాదు, ప్రేమతో చేసుకున్న ఊహే. కానీ తల్లి పేజీలోగానీ తండ్రి పేజీలోగానీ హైదరాబాదు అన్న పేరు ఒక్కచోట కూడా లేదు. విరమణ డబ్బు రాబోతున్నదని తెలిసిన ఇంట్లో ఆ డబ్బుకు ఒక్కొక్కరు ఒక్కొక్క జీవితం ముందే ఊహించి పెట్టుకుంటారు. ఉద్యోగి తన ఊహను కాగితం మీద పెట్టకపోతే ఎవరి ఊహ గట్టిగా వినిపిస్తే డబ్బు అటే పోతుంది. కొడుకు రెండు పడకగదుల ఫ్లాటే కొన్నాడు. రెండు నెలలు తండ్రితో సరిగా మాట్లాడలేదు. ఆ రెండు నెలలు ఆయన నాకు చాలాసార్లు ఫోను చేశారు, ఇరవై ఇచ్చేద్దామా అని. నేను వద్దనలేదు, ఇస్తే ఏ పద్దు తగ్గించాలో మీరే చెప్పండి అన్నాను. ఆయన ప్రతిసారీ తోట గది అన్నారు, ఒక్కసారి కూడా ఆమె ఖాతా అనలేదు.

నెలవారీ లెక్క క్లుప్తంగా: విరమణ నాటికి కరువు భత్యం సుమారు 26 శాతం చొప్పున పింఛను 47,700, ఆమె ఖాతాకు 5,550, త్రైమాసిక వడ్డీని నెలకు సర్దితే 13,600 పైన, మొత్తం దాదాపు 67,000. వంటామె జీతం, వారానికి మూడుసార్లు తోటకు స్కూటరు పెట్రోలు, మందులు, రాకపోకలు, శుభకార్యాల కట్నాలు అన్నీ కలిపి ఖర్చు 46,000 తేలింది. ఆమె ఒక్కరే తోటకు పోవాల్సి వస్తే పల్లెవెలుగు బస్సు ఉంది. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు టికెట్ లేదు. మిగులు వయసు పెరిగేకొద్దీ పెరిగే వైద్యానికి.

అనుకున్నట్టు జరగనిది డబ్బు రాక. పింఛను సకాలంలో మొదలైంది. పెద్ద మొత్తాలు విడతలుగా, నెలల తరబడి ఆలస్యంగా వచ్చాయి. ఇది ముందే ఊహించి, డబ్బు వచ్చే వరుసలో ఏది ముందు ఏది వెనుక అన్నది ఇద్దరి చేతా సంతకం పెట్టించి ఉంచాం: మొదట ఆమె ఖాతా, తర్వాత మోకాలి నిధి, తర్వాత సీనియర్ సిటిజన్ పథకం, ఆ తర్వాత కొడుకు, చివర తోట గది. ప్రావిడెంట్ ఫండ్ 12 లక్షలు అందిన వారంలోనే ఆమె పాసుపుస్తకం వచ్చింది. తోట గదికి ఈ కేసు రాసేనాటికి పునాది పడింది, గోడలు లేవలేదు. ఆయన సాయంత్రాలు వారానికి రెండు రోజులు నల్లగొండలోని ప్రభుత్వ హాస్టల్ పిల్లలకు లెక్కలు చెబుతున్నారు. ఊళ్లో దొరకని పిల్లలు ఇక్కడ దొరికారు.

ఇదే లెక్కను సీపీఎస్ ఉద్యోగులకో, పింఛను లేని ప్రైవేటు ఉద్యోగులకో యథాతథంగా వాడకూడదు. వారికి నెలనెలా నిలకడగా వచ్చే మొత్తాన్ని ముందు కట్టుకోవాలి, కమ్యుటేషన్ ప్రశ్నే ఉండదు. నోటుపుస్తకాలు రెండు ఇవ్వడం మాత్రం ఎవరి విషయంలోనైనా చేయవచ్చు.

చివరగా ఇచ్చిన పని ఇంకా పూర్తి కాలేదు. ఇద్దరిలో ఒక్కరే మిగిలిన మంగళవారాన్ని కూడా రాయమని ఇద్దరినీ అడిగాను. ఆమె రాశారు. నల్లగొండ ఇంటి కింది భాగం అద్దెకిచ్చి పై గదిలో ఉంటానని, అక్కతో కలిసి తింటానని, తోట మరిదికి కౌలుకిస్తానని ఆరు వాక్యాల్లో తేల్చారు. కుటుంబ పింఛను చివరి వేతనంలో 30 శాతం, అంటే 27,000, దానిపై కరువు భత్యం కలిపితే సుమారు 34,000. మొదటి ఏళ్లలో వచ్చే హెచ్చు రేటును లెక్కలోకి తీసుకోకపోయినా ఆమె రాసిన రోజుకు అది సరిపోతుంది. ఆయన పుస్తకంలో ఆ పేజీకి తేదీ వేసి ఉంది, కింద ఏమీ లేదు. పోయిన నెల కలిసినప్పుడు అడిగితే, రాస్తాను, తోట గది పూర్తి కానివ్వండి అన్నారు.